చింతపండు పెట్టి తోమకండి, అవి తాతగారి కళ్ళేలు

ప్రశ్న: నమస్కారమండీ. మాది విజయవాడ, ఇప్పుడు టెక్సస్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. అల్లుడు అక్కడి అబ్బాయే, వాళ్ళది నాలుగు తరాలుగా పశువుల రాంచ్. కిందటేడు వాళ్ళ తాతగారు పోయారు. ఇప్పుడు కొట్టం ఖాళీ చేస్తుంటే రెండు చెక్కపెట్టెల నిండా పాత గుర్రపు కళ్ళేల ఇనుము బయటపడింది, బిట్స్ అంటారంట. కొన్ని బాగా తుప్పు పట్టాయి, కొన్నిటి మీద వెండి పూలున్నాయి. ఎవరో డీలర్ వచ్చి రెండు పెట్టెలకీ కలిపి ఒక రేటు చెప్పి వెళ్ళాడు, అల్లుడికేమో అమ్మాలని లేదు. ఇత్తడి సామాను చింతపండుతో తళతళలాడించడం నాకలవాటే, వీటిని కూడా తోమి పెడదామనుకుంటున్నా. పర్లేదా?

జవాబు: అమ్మా, మీ అల్లుడి కోసం మీరింత ఆలోచించడం చాలా బాగుంది, కానీ చింతపండు మాత్రం వాటి దగ్గరకి రానివ్వకండి. నిమ్మకాయ, వెనిగర్, తుప్పు వదిలించే మందులు, వైర్ బ్రష్ ఏవీ వద్దు. ఇత్తడి బిందె వేరు, ఇది వేరు. ఇనుము మీద ఏళ్ళ తరబడి గట్టిపడిన ఆ ముదురు గోధుమ రంగు పొరే కింద ఉన్న ఇనుముని కొంతవరకు కాపాడుతోంది, పులుపు తగిలితే ఆ పొర పోతుంది, వెండి పువ్వు అంచుల కిందకి తడి దిగుతుంది, కొన్నాళ్ళకి ఎర్ర తుప్పు మళ్ళీ మొదలవుతుంది. వీటిని సేకరించేవాళ్ళు కూడా తళతళ మెరిసే బిట్ కన్నా ఆ పాత రంగు ఉన్నదాన్నే ఇష్టపడతారు.

ఇంకో విషయం, గుర్రం నోట్లో ఉండే ముక్కని చాలామంది కావాలనే తుప్పు పట్టే మామూలు ఇనుముతో చేయించుకునేవాళ్ళు, దాన్నే స్వీట్ ఐరన్ అంటారు. ఆ తుప్పు రుచికి గుర్రానికి లాలాజలం ఊరి నోరు మెత్తగా ఉంటుందని రాంచ్ వాళ్ళ నమ్మకం. కొన్నిటికి మధ్యలో చిన్న రాగి చక్రం ఉంటుంది చూడండి, దాని పేరు క్రికెట్, అంటే కీచురాయి, గుర్రం నాలుకతో దాన్ని తిప్పుకుంటూ కిచకిచమని చప్పుడు చేస్తుంది. అది బిగుసుకుపోతే బలవంతంగా తిప్పొద్దు.

మరి ఏం చెయ్యాలంటే, చేతికి గ్లౌజులు వేసుకోండి ఎందుకంటే చెమటలో ఉప్పుకి కూడా తుప్పు వస్తుంది. తుప్పు గట్టిగా ఉండి చేతికి అంటకపోతే వదిలెయ్యండి. నారింజ రంగులో పొడిపొడిగా రాలుతుంటే మెత్తటి బ్రష్‌తో దులిపి, కాటన్ గుడ్డ మీద ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేసి తుడిచి, ఆ నూనె జిడ్డు కూడా పూర్తిగా తీసేసి, మ్యూజియంల వాళ్ళు వాడే మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పల్చగా పట్టించండి. తోలు పట్టీలు ఇంకా తగిలించి ఉంటే, విరక్కుండా వచ్చేవి మాత్రం విప్పి విడిగా పెట్టండి. తోలులోని కొవ్వు రాగి, ఇత్తడి ముక్కలకి తగిలితే ఆకుపచ్చటి జిగురులాంటిది పేరుకుంటుంది.

కొట్టంలో ఎలకల పెంటికలుంటే చీపురుతో ఊడ్చకండి, ఇది గట్టిగా చెప్తున్నా. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఎలకల వల్ల హంటా వైరస్ వస్తుంది, దుమ్ము పీలిస్తే ప్రాణాల మీదకొస్తుంది. తలుపులు తీసి గాలి ఆడనిచ్చి, నేల మీద ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి అప్పుడు తుడవాలి. ఆ బ్లీచ్ నీళ్ళు బిట్ల మీద మాత్రం పడనివ్వకండి.

నిజానికి ఇవన్నీ తర్వాత పని. ముందు మీ అల్లుడి నాయనమ్మగారో తాతగారి తమ్ముళ్ళో ఎవరున్నా సరే వాళ్ళ ముందు ఒక్కో బిట్ పెట్టి ఫోన్‌లో రికార్డ్ చెయ్యమనండి. ఇది ఏ గుర్రానిది, ఎవరు కొన్నారు, దూడలకి కాల్చిన ఇనుముతో ముద్ర వేసే రోజుల్లో ఎవరు దేనితో ఎక్కేవాళ్ళు, ఇట్లాంటివి. ఈ ఇనుము ఇంకో వందేళ్ళయినా ఉంటుంది, ఆ మాటలు చెప్పగలిగే మనుషులు ఉండరు. ఇంట్లో పాత ఫొటోలుంటే గుర్రం నోటి దగ్గర పెద్దది చేసి చూడండి, పెట్టెలో ఉన్నదే అక్కడ కనిపిస్తే మీ అల్లుడి సంతోషం మీరే చూస్తారు. ఒక్కోదానికి నంబరు రాసిన చీటీ దారంతో కట్టండి, ఇనుము మీద రాయొద్దు. ఇవేవీ జరక్కుండా డీలర్‌కి మాత్రం ఇవ్వొద్దు, పెట్టెలు మొత్తం కలిపి రేటు చెప్పాడంటే లోపల మంచివి చూసే ఉంటాడని నా అనుమానం.

ప్రశ్న: ఆస్టిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. పాత సామాన్ల సంతల్లో బిట్స్ చూసి ఇష్టం పెరిగింది. ఏది ఎవరు చేసిందో ఎలా తెలుస్తుంది?

జవాబు: భూతద్దం కొనుక్కోండి బాబూ, వస్తువు తర్వాత. చేసినవాళ్ళు కొట్టిన ముద్ర వెతకాలి. నక్షత్రం గుర్తుంటే న్యూజెర్సీ నెవార్క్‌లోని ఆగస్ట్ బ్యూర్మన్ కంపెనీది, లంగరు ఉంటే కనెక్టికట్‌లోని నార్త్ అండ్ జడ్ వాళ్ళది. 1926లో ఈ రెండోవాళ్ళు మొదటివాళ్ళని కొనేశారు. ఇవి ఫ్యాక్టరీ సరుకు కాబట్టి మొదలుపెట్టడానికి బాగుంటాయి. టెక్సస్ వైపు చేతిపనివాళ్ళలో గెయిన్స్‌విల్‌లో పని చేసిన మెక్‌చెస్నీ, ఎల్ పాసోలో పని చేసిన కెల్లీ పేర్లు ఎక్కువ వింటారు. నెవాడాలో ఎల్కో ఊళ్ళో జి.ఎస్. గార్సియా ఉండేవాడు, 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో అతని జీనుకి బంగారు పతకం వచ్చింది, అతని బిట్లకి ఇప్పటికీ గిరాకీ. కొలరాడోలో కేన్యన్ సిటీ జైల్లో ఖైదీలు చేసినవాటినైతే విడిగా సేకరించేవాళ్ళున్నారు.

వెండి అని చెప్పే ప్రతిదీ వెండి కాదు. నికెల్ సిల్వర్‌లో అసలు వెండే ఉండదు, రాగి, నికెల్, జింక్ అంతే. అలాగని అది తక్కువది కాదు, మంచి పనివాళ్ళు కూడా దాన్ని వాడారు. నకిలీల్లో పోతపోసిన గరుకు, కొత్తగా కొట్టిన ముద్ర, ఒకే రంగులో పూసినట్టున్న తుప్పు కనిపిస్తాయి. గుర్రం నిజంగా వాడినదైతే నోటి కడ్డీ, పగ్గం కట్టే రింగులు అరిగి ఉండాలి. నేషనల్ బిట్, స్పర్ అండ్ శాడిల్ కలెక్టర్స్ అసోసియేషన్ అని ఉంది, వాళ్ళ షోలకి వెళ్ళి చేత్తో పట్టుకుని చూస్తే బొమ్మల్లో తెలియనివి తెలుస్తాయి. కొన్నప్పుడు ఇది ఏ రాంచ్ నుంచి వచ్చిందని కూడా అడిగి రాసుకోండి, అమ్మేవాడికి తెలిసినా చాలామంది అడగరు.

ప్రశ్న: మా కోడలి పుట్టిల్లు కూడా టెక్సస్ రాంచే. ఆ కుటుంబం చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ఆ కౌంటీ క్లర్క్ ఆఫీసులో మొదలుపెట్టండి. టెక్సస్‌లో పశువుల మీద వేసే ముద్ర కౌంటీలోనే రిజిస్టర్ అవుతుంది, పదేళ్ళకోసారి మళ్ళీ చేయించుకోవాలి, ఈమధ్య 2021లో జరిగింది. పాత పుస్తకాల్లో ముత్తాత వేయించిన ముద్ర బొమ్మ దొరకొచ్చు. ఒకే కుటుంబం నూరేళ్ళకి పైగా ఆపకుండా వ్యవసాయమో పశుపోషణో చేస్తుంటే రాష్ట్ర వ్యవసాయ శాఖ 1974 నుంచి ఫ్యామిలీ ల్యాండ్ హెరిటేజ్ గౌరవం ఇస్తోంది, దానికి అప్లై చేసేటప్పుడు కాగితాలన్నీ ఎలాగూ బయటికి తియ్యాలి. లబక్‌లో నేషనల్ రాంచింగ్ హెరిటేజ్ సెంటర్‌కి కోడలితో కలిసి వెళ్ళండి, పాత రాంచ్ ఇళ్ళనీ కొట్టాలనీ అక్కడికి తెచ్చి నిలబెట్టారు. ఆ పక్కనే టెక్సస్ టెక్ యూనివర్సిటీలో సౌత్‌వెస్ట్ కలెక్షన్ అని పెద్ద ఆర్కైవ్ ఉంది, మాటడోర్ లాంటి పెద్ద రాంచ్‌ల లెక్కల పుస్తకాలు అక్కడే ఉన్నాయి. వెళ్ళేముందు ఏ పేరు, ఏ కౌంటీ, సుమారుగా ఏ ఏళ్ళు అన్నది రాసి వాళ్ళకి ముందుగా ఒక మెయిల్ పెట్టండి.