ఎల్‌ఎల్‌ఆర్ మీద నేర్చుకునే తమ్ముడికి తక్కువలో కార్ ఇన్సూరెన్స్ ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: విజయవాడలో ఉంటారు, తమ్ముడికి 18 నిండి ఎల్‌ఎల్‌ఆర్ (లర్నర్స్ లైసెన్స్) వచ్చింది, నాన్నగారు పోయిన ఏడాది పాత కారు అమ్మేశారు, ఇప్పుడు సెకండ్ హ్యాండ్ వ్యాగన్ఆర్ చూస్తున్నారు, కుర్రాళ్ళకి ప్రీమియం ఎక్కువని ఎక్కడో చదివి భయపడుతున్నారు.

ముందు ఆ భయం వదిలేయండి. మీరు చదివింది అమెరికా, ఇంగ్లండ్ సంగతి అయ్యుంటుంది. మా పెద్దమ్మ కూతురు వాళ్ళు డల్లాస్‌లో ఉంటారు, వాళ్ళబ్బాయికి పదహారు రాగానే పాలసీలో పేరు ఎక్కిస్తే బిల్లు ఒక్కసారిగా పెరిగిపోయింది, అక్కడ స్కూల్లో మంచి మార్కులొస్తే డిస్కౌంట్ కూడా ఇస్తారు. మన దగ్గర లెక్క ప్రధానంగా బండిని బట్టి ఉంటుంది, నడిపేవాడి వయసుని బట్టి కాదు. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల అవతలివాళ్ళకి జరిగే నష్టానికి కట్టేది, దాని రేటు ప్రభుత్వమే ఫిక్స్ చేస్తుంది, 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, పైన 18 శాతం జీఎస్టీ, ఏ కంపెనీకి వెళ్ళినా అంతే. వ్యాగన్ఆర్‌లో 1.0 ఇంజిన్ ఉంది 1.2 ఇంజిన్ ఉంది కదా, 1.0 అయితే 998 సీసీ కాబట్టి తక్కువ స్లాబ్‌లో పడుతుంది, 1.2 అయితే పై స్లాబ్, అంటే బండి ఎంచుకునేటప్పుడే ఏటా పదమూడు వందల పైన తేడా వచ్చేస్తుంది. కంపెనీకీ కంపెనీకీ మారేది ఓన్ డ్యామేజ్ భాగం, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టేది మాత్రమే, బేరమాడాలన్నా పోల్చి చూడాలన్నా అక్కడే.

ఇప్పుడు అసలు విషయం. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాడు నడిపితే ఇన్సూరెన్స్ రాదు అని మన ఊళ్ళల్లో చాలామంది గట్టిగా చెప్తారు, అది తప్పు. మీ పాలసీ కాగితం తీసి డ్రైవర్స్ క్లాజ్ అని ఉన్న చోట చదవండి, లర్నర్స్ లైసెన్స్ ఉన్నవాళ్ళు కూడా నడపొచ్చు, కాకపోతే 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 3వ రూల్ పాటించాలి అని ఉంటుంది. ఆ రూల్ ఏంటంటే పక్కన పర్మినెంట్ లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి, అవసరమైతే బండి ఆపగలిగేలా ఉండాలి, ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్ ఉండాలి. అంతే.

మా అక్క కొడుకు నా కారు మీదే నేర్చుకున్నాడు. వాడు ఎల్‌ఎల్‌ఆర్‌లో ఉండగా ఒకరోజు మా అపార్ట్‌మెంట్ గేటు తిప్పుకునేటప్పుడు ఎడమ వైపు పిల్లర్‌కి తగిలించాడు, నేను పక్కనే ఉన్నాను. ముందు బంపర్ చీలింది, హెడ్‌లైట్ పగిలింది, ఫెండర్ లోపలికి పోయింది. గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడున్నవాళ్ళంతా ఒకటే మాట, క్లెయిమ్ ఫారంలో మీ పేరు రాసేయండి సార్, పిల్లోడి పేరు రాస్తే పైసా రాదు అని. నేను వాడి పేరే రాశాను. ఇన్సూరెన్స్ తరఫున నష్టం చూసే సర్వేయర్ వచ్చి వాడి ఎల్‌ఎల్‌ఆర్ కాపీ, నా లైసెన్స్ కాపీ, ఆర్‌సీ తీసుకున్నాడు, వెనక అద్దం మీద ఎల్ బోర్డు ఫోటో కొట్టుకున్నాడు, ఎప్పుడు ఎలా తగిలిందో అడిగాడు, క్లెయిమ్ పాసయింది. అదే నా పేరు రాసి ఉంటే, గేటు దగ్గర సీసీ కెమెరా ఉంది, ఎవరు నడిపారో బయటపడితే అబద్ధం చెప్పినందుకు మొత్తం క్లెయిమ్ కొట్టేసేవాళ్ళు. న్యాయంగా వచ్చే డబ్బుని చేజేతులా పోగొట్టుకోవడం కదా అది. అందుకే తమ్ముడు ఒక్కడే బండి తీసుకుని రోడ్డెక్కకుండా చూడండి, ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే ఉంటుంది, గడువు అయిపోయాక నడిపినా క్లెయిమ్ నిలబడదు. నెల దాటాక ఎప్పుడైనా డ్రైవింగ్ టెస్టుకి స్లాట్ బుక్ చేసుకోవచ్చు, చివరి వారం దాకా ఆగొద్దు.

పాసయింది అన్నాను గానీ మొత్తం రాలేదు, అది కూడా తెలుసుకోండి. బంపర్, హెడ్‌లైట్ ప్లాస్టిక్ కిందకి వస్తాయి కాబట్టి సగం కోసేశారు, పైన కంపల్సరీ డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మన జేబులోంచి పోయేది, వెయ్యి. జీరో డెప్ (తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్) తీసుకుంటే ఆ సగం కోత ఉండదు. మామూలుగా నేను యాడ్ ఆన్‌లు వద్దనే చెప్తాను, ఇంజిన్ ప్రొటెక్ట్, తాళం పోతే కవర్, టైర్ కవర్ అని ఏజెంట్లు వరసగా అంటగడతారు, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తగిలేది ఎప్పుడూ బంపర్లే కాబట్టి మొదటి ఏడాది మటుకు జీరో డెప్ తీసుకోండి. కారు మరీ పాతదైతే కొన్ని కంపెనీలు ఇవ్వవు, ముందే అడగండి. చిన్న గీతలకి మాత్రం క్లెయిమ్ పెట్టొద్దు, ఒక్క క్లెయిమ్‌తో నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ లేని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా అయిపోతుంది.

మీకు డబ్బు నిజంగా మిగిలేది ఈ బోనస్‌తోనే. అది బండిది కాదు, మనిషిది. నాన్నగారు పాత కారు మీద వరసగా ఐదేళ్ళు క్లెయిమ్ లేకుండా కట్టి ఉంటే 50 శాతం వరకు ఉంటుంది, మూడేళ్ళ లోపు ఇంకో కారు కొంటే దానికి వాడుకోవచ్చు. పాత కంపెనీకి కారు అమ్మిన కాగితాలు చూపించి ఎన్‌సీబీ సర్టిఫికెట్ అడగండి, ఇస్తారు. కానీ కొత్త బండి నాన్నగారి పేరు మీద ఉంటేనే అది పనిచేస్తుంది, తమ్ముడి మీద ప్రేమతో వాడి పేరున ఆర్‌సీ పెట్టారంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగం తగ్గింపు పోయినట్టే. నాన్నగారికి ఇప్పటికే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే బండి పాలసీలో అది మళ్ళీ కొనక్కర్లేదు, చెప్పి తీయించేయండి.

సెకండ్ హ్యాండ్‌లో ఇంకో ముఖ్యమైన సంగతి, ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలుంది సార్ అని అమ్మేవాళ్ళు చెప్తారు, నమ్మి అలా వదిలేయొద్దు. థర్డ్ పార్టీ వరకు బండితో పాటే వస్తుంది గానీ ఓన్ డ్యామేజ్ మీ పేరుకి మారాలి, 14 రోజుల్లోపు కంపెనీకి అప్లై చేయాలి. పాత ఓనర్ బోనస్ మీకు రాదు కాబట్టి ఆ తేడా కట్టించుకుంటారు, అక్కడ నాన్నగారి సర్టిఫికెట్ పెట్టండి.

కోట్స్ తీసుకునేటప్పుడు కింద టోటల్ ఒక్కటే చూడొద్దు, ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, చూడండి. ఐడీవీ తగ్గించేసి ప్రీమియం తక్కువగా చూపించడం మామూలే, బండి దొంగతనం అయినా పూర్తిగా పోయినా మీ చేతికొచ్చేది ఆ ఐడీవీయే. అన్ని కంపెనీల్లో ఒకే ఐడీవీ పెట్టించి అప్పుడు పోల్చండి. వాలంటరీ డిడక్టబుల్ పెంచితే ప్రీమియం కొంచెం తగ్గుతుంది గానీ తమ్ముడు చేయి తిరిగేదాకా అది వద్దు, ప్రతి క్లెయిమ్‌లోనూ ముందు అంత మీ జేబులోంచే పోతుంది.

ఖర్చు తగ్గాలంటే ఇంకో మంచి దారి, క్లచ్, గేర్లు అలవాటయ్యేదాకా తమ్ముడిని డ్రైవింగ్ స్కూల్‌లో చేర్చండి, ఇన్‌స్ట్రక్టర్ కాళ్ళ దగ్గర కూడా బ్రేక్ ఉన్న బండైతే మంచిది, మొదటి తగులుళ్ళేవో ఆ బండికే అయిపోతాయి. తర్వాత మీ బండి మీద నాన్నగారు పక్కన కూర్చుంటే సరి. రెండు మూడు కోట్స్ వచ్చాక ఐడీవీ, బండి మోడల్ ఏడాది, నాన్నగారి ఎన్‌సీబీ శాతం ఇక్కడ పెట్టండి, ఏది బాగుందో చూసి చెప్తాను.