మాంచెస్టర్‌లో సీటు వచ్చింది, ఇల్లు తనఖా పెట్టమంటారా?

ప్రశ్న: మాది ఖమ్మం. చిన్న కిరాణా షాపు నడుపుతాను, ఏడాది ఆదాయం 4 లక్షలు దాటదు. బీసీలం. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాదిలో ఉంది, సీజీపీఏ 8.1. మాంచెస్టర్ యూనివర్సిటీలో డేటా సైన్స్ ఎంఎస్సీకి 2026 సెప్టెంబర్‌లో సీటు వచ్చింది. అన్నీ కలిపి 50 లక్షలు అవుతాయంటున్నారు. ఉన్న ఒక్క ఇల్లు బ్యాంకులో పెట్టాలి. ఇంత ర్యాంకు ఉన్న యూనివర్సిటీని వదులుకోవద్దని కన్సల్టెన్సీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. మాంచెస్టర్ ఉత్తుత్తి పేరు కాదు. ప్రోగ్రామ్‌ను తన మెమరీలోనే దాచుకుని నడిచిన మొదటి కంప్యూటర్ 1948లో అక్కడే పనిచేసింది. 2004లో గ్రాఫీన్‌ను, అంటే ఒక్క అణువు మందం ఉండే కార్బన్ పొరను, విడదీసింది కూడా అక్కడి ల్యాబ్‌లోనే. దానికి అక్కడి శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలొవ్ ఇద్దరికీ 2010లో నోబెల్ వచ్చింది.

అయితే ఒక్క విషయం గమనించండి. ఆ ర్యాంకులో పెద్ద వాటా పరిశోధనది. ఏడాది ఎంఎస్సీకి వెళ్లిన పిల్లలకు ఆ పరిశోధన దానంతటది వచ్చి ఒళ్లో పడదు. కోర్సు 180 క్రెడిట్లు. అందులో 60 వేసవిలో చేసే డిసర్టేషన్‌వి, అంటే ఒక అంశం మీద సొంతంగా పరిశోధించి రాసే ప్రాజెక్టువి. మిగతాదంతా నిండిన హాళ్లలో లెక్చర్లు, అసైన్‌మెంట్లు, పరీక్షలు. ఒక ప్రొఫెసర్ దగ్గర కూర్చుని పని నేర్చుకునే అవకాశం ఆ డిసర్టేషన్‌లోనే. ఎవరి దగ్గర చేయాలో అక్టోబర్‌లోనే ఆలోచించుకుని, వెళ్లి మాట్లాడిన వాళ్లకే అది దక్కుతుంది.

మార్కుల పద్ధతీ వేరు. నిరుడు ఇంగ్లండ్ నుంచి ఒకమ్మాయి ఫిబ్రవరిలో ఏడుస్తూ ఫోన్ చేసింది. ఇక్కడ ఎప్పుడూ 85కు తగ్గని పిల్ల, మొదటి అసైన్‌మెంట్‌లో 58 వచ్చిందట. అక్కడ 50 వస్తే పాస్, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్ అని చెప్పాక కాస్త కుదుటపడింది. తర్వాత ఆ పేపర్ పక్కన లెక్చరర్ రాసిన వ్యాఖ్యలు నాకు చదివి వినిపించింది. ప్రతి పేజీలోనూ ఒకటే మాట: ‘ఇది నువ్వెందుకు నమ్ముతున్నావు?’ మన దగ్గర ఎవరూ అడగని ప్రశ్న అది.

ఇక ఉద్యోగం. పెద్ద కంపెనీలు కొత్త గ్రాడ్యుయేట్ల కోసం తెరిచే దరఖాస్తులు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే మొదలవుతాయి. అంటే సూట్‌కేస్ సర్దుకోకముందే రెజ్యూమె సిద్ధంగా ఉండాలి. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. మీ అమ్మాయి వీళ్లలోకే వస్తుంది. ఆ తర్వాత కూడా అక్కడే ఉండాలంటే వీసా స్పాన్సర్ చేసే లైసెన్సున్న కంపెనీ, కొత్తగా చేరేవాళ్లకైనా ఏడాదికి కనీసం 33,400 పౌండ్ల జీతం ఇవ్వాలి. కొన్ని ఉద్యోగాలకు ఇంకా ఎక్కువే. చదువుకునేటప్పుడు వారానికి 20 గంటలు పనిచేయొచ్చు గానీ, దాంతో కూరగాయలు, బస్సు ఖర్చులు వెళ్లిపోతాయి తప్ప ఫీజు తీరదు.

అప్పు సంగతి సూటిగా చెబుతాను. 50 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే ఈఎంఐ నెలకు దాదాపు 69 వేలు. చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ దీనికి అదనం. అమ్మాయి ఇండియాకు తిరిగొచ్చి ఉద్యోగంలో చేరితే మొదటి జీతం ఆ ఈఎంఐకి సరిపోకపోవచ్చు. మీ షాపు ఆదాయంతో అది కట్టలేరు. అందుకే, ఇల్లు తనఖా పెట్టి ఇప్పుడే పంపొద్దు. కన్సల్టెన్సీ వాళ్ల మాటలకు టెన్షన్ పడకండి. పిల్ల చేరితే వాళ్లకు యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తుంది.

దారి లేదని మాత్రం అనుకోవద్దు. తెలంగాణలో బీసీ పిల్లలకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఆదాయం 5 లక్షల లోపు ఉంటే, ఎంపికైన వాళ్లకు 20 లక్షల దాకా ఇస్తారు. బ్రిటన్‌కూ వర్తిస్తుంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల ఈ-పాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేయండి, ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఆ డబ్బు విడతలుగా, అక్కడికి వెళ్లాక వస్తుంది కాబట్టి వీసాకు చూపించాల్సిన మొత్తంలో దాన్ని లెక్కేసుకోవద్దు. వీసా కోసం ఖాతాలో చూపించే సొంత డబ్బు వరుసగా 28 రోజులు ఆ మొత్తానికి తగ్గకుండా ఉండాలి.

విద్యానిధి వస్తే, మిగతాది ఇల్లు పెట్టకుండా వచ్చే లోన్‌తో సరిపోతే పంపండి. లేకపోతే సీటు ఏడాది వాయిదా వేస్తారేమో అమ్మాయి చేతే యూనివర్సిటీకి మెయిల్ పెట్టించండి. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, రెండేళ్లు ఇక్కడ ఉద్యోగం చేసి మళ్లీ అప్లై చేయొచ్చు. అనుభవంతో వెళ్లిన వాళ్లను కంపెనీలు వేరేగా చూస్తాయి.

ఈ వారంలో అమ్మాయితో ఒక పని చేయించండి. మాంచెస్టర్ కంప్యూటర్ సైన్స్ విభాగంలో ముగ్గురు ప్రొఫెసర్లను ఎంచుకుని, ఒక్కొక్కరి పరిశోధన పేపర్ ఒకటి చదవమనండి. చదివాక అందులో ఏముందో మీకు తెలుగులో చెప్పమనండి. మీరు షాపులో కూర్చునే వినండి. చెబుతున్నప్పుడు ఆ పిల్ల కళ్లలో వెలుగు కనిపిస్తే నాకు మళ్లీ రాయండి, ఏ ప్రొఫెసర్‌కి ఎలా మెయిల్ రాయాలో నేను చెబుతాను.