రాజ్యాంగంలో దుర్గాబాయి గారి మాటలు ఎక్కడ నిలిచాయి?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు రాజ్యాంగ సభలో వందల సవరణలు ప్రతిపాదించారని పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివానని, వాటిలో ఒక్కటైనా నేటి రాజ్యాంగంలో కనిపిస్తుందా అని మీరు అడిగారు. కనిపిస్తాయి. నాకు స్పష్టంగా తెలిసిన రెండింటిని కింద వివరిస్తాను. ఇదే ప్రశ్నను చాలా ఏళ్ల క్రితం నన్నూ ఒకరు అడిగారు కాబట్టి, ముందుగా ఆ సంగతి చెప్పాలి.

నేను కాకినాడలో ఒక జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధించేదాన్ని. ఒక మహిళా దినోత్సవ సభలో దుర్గాబాయి గారి గురించి మాట్లాడుతూ, 1923లో మా ఊళ్ళో జరిగిన కాంగ్రెసు మహాసభలో పద్నాలుగేళ్ళ వాలంటీరుగా ఉన్న ఆమె, టికెట్టు లేదని నెహ్రూ గారిని ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గరే నిలిపివేసిన సంగతి చెప్పి, ఆ వెంటనే సవరణల అంకె కూడా చెప్పి కూర్చున్నాను. సభ ముగిశాక పెద్దవయసు వకీలు గారొకరు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, అంకె విన్నాం, అందులో ఒక్క సవరణ చదివి వినిపిస్తారా?" అని ఎంతో మర్యాదగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతున్న విషయాన్ని నేనే ఎన్నడూ తెరిచి చూడలేదన్న బాధ చాలా రోజులు నన్ను వదలలేదు.

ఆ వేసవి సెలవుల్లో రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు ముందు వేసుకుని కూర్చున్నాను. సూచికలో దేశ్‌ముఖ్ అన్న పేరు కింద వెతికితే పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ గారి ప్రసంగాలే వచ్చాయి. దుర్గాబాయి గారు చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహం చేసుకున్నది 1953లో అని, సభలో ఉన్న రోజుల్లో ఆమె మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన "శ్రీమతి జి. దుర్గాబాయి" అని గుర్తొచ్చాకే అసలు పుటలు దొరికాయి. మీరు వెతకాలనుకున్నా ఆ పేరుతోనే వెతకండి.

మొదటిది 25వ అధికరణలో ఉంది. ముసాయిదాలో అది 19వ అధికరణ. మతస్వేచ్ఛ కల్పిస్తూనే, సార్వజనికమైన హిందూ మత సంస్థల ద్వారాలను తెరిచేందుకు రాజ్యం చట్టం చేయవచ్చునని అందులో ఒక ఉపనిబంధన ఉండేది. "ఏదైనా ఒక వర్గానికి లేదా విభాగానికి" తెరవవచ్చునన్నది ముసాయిదాలోని మాట. 1948 డిసెంబరులో దుర్గాబాయి గారు లేచి, దాన్ని "అన్ని వర్గాలకు, విభాగాలకు" అని మార్చాలని సవరణ ప్రతిపాదించారు. చూడడానికి చిన్న మార్పే. అయితే మొదటి మాటను పట్టుకుంటే ఒక కులానికి గుడి తలుపు తీసి, మరో కులాన్ని గడప బయటే నిలబెట్టే చట్టానికి కూడా చోటు దొరుకుతుందని, రెండో మాటలో ఆ చోటు మిగలదని నాకు అర్థమైంది. నేటి రాజ్యాంగంలో ఉన్నది ఆమె ప్రతిపాదించిన మాటే. దేవదాసీ స్త్రీలు గాంధీగారిని కలుసుకునేలా చేయాలని, పన్నెండేళ్ళ వయసులో కాకినాడ వీధుల్లో చందాలు పోగుచేసిన మనిషికి, ఎవరు లోపల, ఎవరు బయట అన్నది పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు.

రెండోది 84వ అధికరణ. రాజ్యసభ సభ్యత్వానికి 35 ఏళ్లు నిండి ఉండాలన్న ప్రతిపాదన 1949 మే 18న సభ ముందుకు వచ్చినప్పుడు, దాన్ని 30కి తగ్గించాలని ఆమె సవరణ తెచ్చారు. వివేకం వయసును బట్టి రాదని, కొత్త తరం యువతీయువకులు తమ హక్కులను, బాధ్యతలను తొందరగా గ్రహిస్తున్నారని, వారికి రాజ్య వ్యవహారాల్లో తర్ఫీదు పొందే అవకాశం ఇవ్వాలని ఆమె వాదించారు. ఆ అంకె నేటికీ 30గానే ఉంది. అప్పటికి ఆమెకు ముప్ఫై తొమ్మిదేళ్ళు, అంటే ఆ సవరణతో తనకు ఒరిగేదేమీ లేదు. సభలోని పదిహేనుమంది స్త్రీలలో ఒకరిగా, అధ్యక్షులు లేనప్పుడు సభను నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఏకైక మహిళగా ఉన్న ఆమె, తన తరువాత రాబోయేవారి కోసం వాదించడం నన్ను ఎంతో కదిలించింది.

భాష మీద 1949 సెప్టెంబరు 14న ఆమె చేసిన ప్రసంగాన్ని కూడా తప్పక చదవండి. చిన్నతనంలోనే బాలికలకు హిందీ బడి నడిపిన ఆమె, జాతీయ భాషగా హిందుస్తానీని కోరుతూనే, హిందీ కోసం సాగుతున్న తీవ్ర ప్రచారం దక్షిణాదిలో ఆ భాషను ప్రేమతో నేర్చుకున్నవారి మనసులనే విరిచేస్తోందని అక్కడే, హిందీ పెద్దల ఎదుటే చెప్పారు. ఒక భాషను ప్రేమించేవారే దాని పేరుతో జరిగే ఒత్తిడిని తప్పుపట్టడం ఎంత కష్టమో తెలిసినవారికి ఆ ప్రసంగం విలువ తెలుస్తుంది.

రాజ్యాంగం అమల్లోకి వచ్చాక తొలి ఎన్నికల దాకా పనిచేసిన తాత్కాలిక పార్లమెంటులో, హిందువుల వివాహ, వారసత్వ చట్టాలను సంస్కరించే హిందూ కోడ్ బిల్లు పక్షాన ఆమె నిలిచారు. ఆ బిల్లు 1951లో ఆగిపోయింది. 1952 ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు కాబట్టి, 1955, 1956లలో ఆ సంస్కరణలు విడివిడి చట్టాలుగా వచ్చినప్పుడు సభలో లేరు. ప్రణాళికా సంఘం, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి పనులు ఆ తరువాతివి, వాటి గురించి పుస్తకాలు బాగానే చెబుతున్నాయి. సభలో ఆమె గొంతు వినిపించిన కాలం మాత్రం ఆరేళ్ళు కూడా లేదు.

ఆ సెలవులు ముగిసేలోపే 25వ అధికరణ చర్చ జరిగిన పుటను నకలు తీయించి వకీలు గారింటికి తీసుకువెళ్ళాను. ఆయన వసారాలో నిలబడే దాన్ని రెండుసార్లు చదివారు. తరువాత లోపలినుంచి తన రాజ్యాంగం పుస్తకం తెచ్చి, ఆ ఉపనిబంధన ఎదురుగా అంచున పెన్సిలుతో "జి. దుర్గాబాయి" అని రాసుకున్నారు.