ప్రసంగం నాన్న రాస్తే, మాట్లాడాల్సింది నేను

ప్రశ్న: నాకు 15 ఏళ్లు. హైదరాబాద్‌లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు ప్రసంగాలు సాధన చేసే గావెల్ క్లబ్ ఉంది, ఆదివారాలు కలుస్తాం. నాన్న వాళ్ల ఆఫీసులో, పెద్దలు ఇలాగే ప్రసంగాలు సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌లో సభ్యులు. మా క్లబ్‌లోనూ పెద్దల పోటీ నియమాలే పాటిస్తారు. నా పోటీ ప్రసంగాలన్నీ నాన్నే రాస్తారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చెయ్యెత్తాలో కూడా కాగితం మీద గుర్తులు పెట్టి బట్టీ పట్టిస్తారు. రెండుసార్లు బహుమతి వచ్చింది. మొన్న మాత్రం మధ్యలో ఒక వాక్యం మరిచిపోయి, ఏడుపొచ్చి స్టేజీ దిగేశాను. అదే సాయంత్రం, అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్న మీద మాట్లాడే టేబుల్ టాపిక్స్ పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. నాన్న "అదేముంది, రెండు నిమిషాల కబుర్లు" అన్నారు. అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంటున్నారు. ఆయన తెలుగు మీడియంలో చదివారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీటింగుల్లో నోరు పెగలక చాలా అవమానపడ్డారట. వచ్చే పోటీకి అప్పుడే ప్రసంగం రాసేశారు. పోటీ మాట ఎత్తితే చాలు, నాకు కడుపులో తిప్పేస్తోంది. మానేస్తే నాన్న బాధపడతారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. ఏడ్చి స్టేజీ దిగిన పిల్లవి అదే సాయంత్రం మళ్లీ లేచి వెళ్లావు. టేబుల్ టాపిక్స్ అంటే ఏమిటో నీకు తెలుసు, మీ నాన్నగారికీ తెలుసు. పోటీదారులంతా గది బయట కూర్చుంటారు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి అందరికీ ఒకే ప్రశ్న ఇస్తారు. ఆలోచించుకునే వ్యవధి ఉండదు. నిమిషం దాటాలి, రెండున్నర నిమిషాలు మించకూడదు. ఆ కాస్తలోనే ఒక మాట మొదలుపెట్టి, నడిపించి, ముగించాలి. మన అవధానాల్లో ఆశువు చెప్పేటప్పుడు సభ అంతా చెవులు రిక్కించుకుని వినేది ఎందుకనుకున్నావు? ముందే సిద్ధం చేసుకున్నది అక్కడ పనికిరాదు కాబట్టి. దాన్ని కబుర్లని తీసిపారేయడం సరికాదు. మీ నాన్నగారు నిరాశలో అన్న మాట అది, నువ్వు దాన్ని నమ్మేయకు.

ఇక మరిచిపోయిన ప్రసంగం సంగతి. అది నీ జ్ఞాపకశక్తి లోపమేమీ కాదు. ఇంకొకరి వాక్యాలను అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టినప్పుడు, ప్రతి వాక్యం దాని ముందు వాక్యాన్ని పట్టుకునే గుర్తొస్తుంది. నడుమ ఒకటి జారితే తర్వాతది అందదు. సొంతంగా అల్లుకున్న విషయమైతే ఒక మాట పోయినా ఇంకో మాట దొరుకుతుంది, ఎందుకంటే ఏం చెప్పాలో నీకు తెలుసు. టేబుల్ టాపిక్స్‌లో నీకు మాటలు దొరికాయి చూడు, అలాగే.

ఇంకో విషయం ఉంది, కొంచెం కష్టమైనది. పెద్దల పోటీల్లో, ఈ ప్రసంగం నా సొంతమేనని పోటీదారు సంతకం పెట్టాలి. ఇతరుల మాటలు, ఆలోచనలు నాలుగో వంతుకు మించకూడదనే నియమం ఉంది. మీ క్లబ్‌లోనూ అవే నియమాలంటున్నావు. మరి నాన్నగారు రాసిన ప్రసంగాన్ని నీదిగా చెప్పుకోవడం ఎలా కుదురుతుంది? ఇందులో తప్పు నీది అని నేననను, చిన్నదానివి, చెప్పినట్టు చేశావు. ఇకముందు మాత్రం ఇలా సాగకూడదు. నాన్నగారిని నొప్పించకుండా విషయం కదపడానికి ఈ నియమమే నీకు ఆసరా.

ఆయన గురించి ఒక మాట. మీటింగులో పదిమంది ముందు నోరు పెగలని అవమానం ఎలాంటిదో, తెలుగు మీడియంలో చదివి పెద్ద ఉద్యోగాలకు వెళ్లిన ఎంతోమందికి తెలుసు. నా దగ్గరికి వచ్చే తండ్రుల్లో చాలామంది ఆ బాధను ఇరవై ఏళ్లయినా మరవరు. నువ్వు స్టేజీ మీద ఆగిపోయిన ఆ క్షణంలో ఆయనకు కనబడింది బహుశా నువ్వు కాదు, అప్పటి తాను. ముభావం కోపం వల్లే అనుకోకు. అలాగని ఆయన భయాన్ని నువ్వు మోయాలనీ లేదు. ఆయనకు తొందర కూడా అక్కర్లేదు. నీకు 18 నిండితే గాని టోస్ట్‌మాస్టర్స్ సభ్యత్వం రాదు, క్లబ్ నుంచి ఏరియా, డివిజన్, డిస్ట్రిక్ట్ అంటూ పైకి వెళ్లే పోటీల్లో అడుగుపెట్టే వీలు లేదు. ఇంకా మూడేళ్లుంది.

మానేయమని నేను చెప్పను. మాట్లాడటం నీకు ఇష్టమేనని నీ ఉత్తరమే చెబుతోంది. వచ్చే పోటీలో ప్రసంగానికి పేరివ్వకు, టేబుల్ టాపిక్స్‌కు మాత్రం ఇవ్వు. ఈలోగా మామూలు ఆదివారం సమావేశంలో నీ సొంత ప్రసంగం ఒకటి చెప్పు. పెద్ద నీతి, పెద్ద సందేశం వెతక్కు. నీకు బాగా తెలిసిన ఒక మనిషి, ఒక గొడవ, నువ్వు మనసు మార్చుకున్న ఒక విషయం చాలు. అయిదు నుంచి ఏడు నిమిషాలంటే మూడు నాలుగు ఘట్టాలకు మించి పట్టవు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠస్థం చెయ్యి. మధ్యలో ఘట్టాల వరుస గుర్తుంటే సరిపోతుంది. ఎక్కడైనా తడబడితే ఊపిరి పీల్చుకుని తర్వాతి ఘట్టానికి వెళ్లిపో. నువ్వు వదిలేసింది ఏమిటో జడ్జీలకు తెలియదు, వాళ్ల చేతిలో నీ కాగితం లేదు.

నాన్నగారితో పోటీ ముందు రోజు మాట్లాడకు. ఏ పోటీ లేని ఒక సాయంత్రం, అమ్మ కూడా ఉన్నప్పుడు చెప్పు: "నాన్నా, ఈసారి నేనే రాసుకుంటాను. మీరు విని, ఏం బాగుందో ఏం బాగాలేదో మూడు నిమిషాల్లో చెప్పండి." క్లబ్‌లో ఇవాల్యుయేటర్ చేసేది అదే కాబట్టి ఆయనకు కొత్త కాదు. టోస్ట్‌మాస్టర్స్ స్థాపకుడు రాల్ఫ్ స్మెడ్లీ 1905లో అమెరికాలోని బ్లూమింగ్‌టన్‌లో యువకుల కోసం ఇలాంటి క్లబ్ మొదలుపెట్టిన నాటి నుంచీ పద్ధతి అదే: ఒకరు మాట్లాడటం, తక్కినవాళ్లు విని మంచిచెడ్డలు చెప్పడం. నాన్నగారి అనుభవం నీకు నిజంగా ఉపయోగపడేది అక్కడే. ఒక్క షరతు: ఆ మూడు నిమిషాల్లో ఆయన చేతిలో పెన్ను ఉండకూడదు.

ఆయన ఒప్పుకోకపోతే వాదన పెంచకు. మీ గావెల్ క్లబ్‌కు కౌన్సెలర్‌గా ఒక పెద్దవాళ్లు ఉంటారు. పిల్లలు తమ ప్రసంగాలు తామే రాసుకోవాలని ఆ కౌన్సెలర్ తల్లిదండ్రులందరితో కలిపి చెబితే మీ నాన్నగారికి చిన్నతనం అనిపించదు. నీ పేరు ఎత్తకుండా చెప్పమని అడుగు. కడుపులో తిప్పడం పోటీ లేని రోజుల్లో కూడా ఉంటే, తిండి, నిద్ర తగ్గితే, ఆ సంగతి అమ్మకు ఈ రోజే చెప్పు, డాక్టరుకు చూపించుకోండి.