బాభళీ గేట్ల దగ్గర కనిపించిన ఉద్యోగం

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. ఇంట్లో తెలుగు, బడంతా మరాఠీ. మా అమ్మాయి బీఏ పొలిటికల్ సైన్స్ ఆఖరి సంవత్సరం. జులై 1న గోదావరి మీది బాభళీ బ్యారేజీ గేట్లు ఎత్తేటప్పుడు మహారాష్ట్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల అధికారులు ఒకచోట నిలబడటం చూసొచ్చి, ‘చేస్తే ఇలాంటి పనే చేస్తా’ అంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? బీఎడ్ చేయించి దగ్గర్లో ఏదో బడిలో పెట్టిద్దామని మా ఆలోచన. - ఒక తండ్రి

జవాబు: ఆ పేరుతో నోటిఫికేషన్ పడదండీ. కానీ పని ఉంది. అది మామూలు పోస్టుల్లోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి బయటికి కనిపించదు.

మీ అమ్మాయి చూసిన గేట్ల సంగతే తీసుకోండి. వాటిని జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా ఎత్తే ఉంచాలని, మార్చి 1న 0.6 టీఎంసీల నీళ్లు కిందికి వదలాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అది సరిగా జరుగుతోందో లేదో చూడటానికి ముగ్గురు సభ్యుల కమిటీ ఉంది. కేంద్ర జల సంఘం నుంచి ఒకరు, రెండు రాష్ట్రాల నుంచి ఒక్కొక్కరు. ఇది ఇంజినీర్ల పని, బీఏతో అందదు. మీ చుట్టాల్లో సైన్స్ చదివే పిల్లలుంటే సివిల్ ఇంజినీరింగ్, ఆ తర్వాత యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ దారి చెప్పండి.

మీ అమ్మాయికి తగిన పని రెవెన్యూలో ఉంది. 2016 మార్చిలో మహారాష్ట్ర, తెలంగాణ కలిసి అంతర్రాష్ట్ర బోర్డు పెట్టుకున్నాయి. ఆగస్టు 23న ముంబైలో ఒప్పందం రాసుకున్నాయి. మేడిగడ్డ బ్యారేజీకి 100 మీటర్లు, తుమ్మిడిహెట్టి బ్యారేజీకి 148 మీటర్లు అని నీటి మట్టాలు తేల్చారు. కాగితం మీద అవి అంకెలే. నేల మీదికొస్తే ఏ రైతు పొలం ఎంత మునుగుతుంది, పరిహారం ఎవరి పేరున రావాలి అన్న లెక్కలు. అక్కడ తలాఠీ (మహారాష్ట్రలో ఊరి భూమి లెక్కలు చూసే రెవెన్యూ ఉద్యోగి), నాయబ్ తహసీల్దార్, తహసీల్దార్ కావాలి. మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచలో రైతు తెలుగులో గోడు చెప్పుకుంటాడు, ఆయన సాత్‌బారా (పొలం హక్కుల పత్రం) మరాఠీలో ఉంటుంది. ఆ రెండూ తెలిసిన అధికారి అక్కడుంటే ఆ కుటుంబానికి ఎంత ధైర్యమో మీకు నేను చెప్పక్కర్లేదు.

కేంద్రం సాయం లేదా అంటే, 1956 చట్టం కింద మండల పరిషత్తులు ఉన్నాయి. కేంద్ర హోంమంత్రి అధ్యక్షుడు. సరిహద్దు తగాదాలు, అంతర్రాష్ట్ర రవాణా, భాషా అల్పసంఖ్యాకుల విషయాలు అక్కడ మాట్లాడొచ్చు. అయితే మహారాష్ట్ర పశ్చిమ మండలంలో, తెలంగాణ దక్షిణ మండలంలో ఉన్నాయి. అందుకే మన వైపు చాలా పని రెండు రాష్ట్రాలూ నేరుగా కూర్చుని చేసుకోవాల్సిందే. అలా కూర్చున్నచోట రెండు భాషలూ చదవగలిగిన మనిషి అవసరం ఎప్పుడూ ఉంటుంది.

‘చదవగలిగిన’ అన్నాను, గమనించండి. మీలాంటి ఇంటి నుంచే ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. గలగలా తెలుగు మాట్లాడాడు. తెలంగాణ పహాణీ (పొలం రికార్డు) నకలు ఒకటి ముందు పెడితే ‘పట్టాదారు’ అన్న మాట దగ్గరే ఆగిపోయి, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. తప్పు అతనిది కాదు, బడిలో ఎవరూ నేర్పలేదు. మీ అమ్మాయి పరిస్థితీ అదే అయితే ఈ ఏడాదే సరిదిద్దండి. రోజూ ఒక తెలుగు పేపరు చదివించండి, అర పేజీ రాయించండి. ఆరు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. ఎస్‌బీఐ క్లర్కు పోస్టులకు తెలంగాణ నుంచి అప్లై చేస్తే తెలుగు చదవడం, రాయడం, మాట్లాడటం వస్తే చాలు, లోకల్ నిబంధన అడ్డురాదు.

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 95 శాతం పోస్టులు స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారో చూస్తారు. ఇది తెలియక కోచింగుకు వేలు పోసినవాళ్లను చూశాను. మీ అమ్మాయి బలం మహారాష్ట్రలోనే ఉంది. ఎంపీఎస్సీ (మహారాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్) పెట్టే రాజ్యసేవ పరీక్షలో, తలాఠీ పరీక్షలో మరాఠీ తనకు అడ్డంకి కాదు, ఆసరా. యూపీఎస్సీ కూడా రాయాలనుకుంటే 300 మార్కుల భారతీయ భాష పేపరుకు మరాఠీనే పెట్టుకోమనండి. అందులో 25 శాతం తెచ్చుకుంటే చాలు.

పీజీ చదువుతానంటే తుల్జాపూర్‌లో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ రెండూ మంచివే.

బీఎడ్ ఆలోచన వదిలేయమని నేననను. ఆడపిల్ల ఇంటికి దగ్గర్లో స్థిరపడాలన్న మీ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ రెండేళ్లు తనకివ్వండి. తలాఠీ, బ్యాంకు పరీక్షలు రాస్తూ రాజ్యసేవకు చదువుకోనివ్వండి. అప్పటికీ కుదరకపోతే బీఎడ్ ఎక్కడికీ పోదు. తలాఠీ వస్తే మీ టెన్షన్ సగం తీరుతుంది, తనకూ పొలం లెక్క చేతికొస్తుంది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. 1956 దాకా మనమంతా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాం. అందుకే 1954-55 నాటి ఖాస్రా పహాణీ మీ వైపు మరాఠ్వాడాలోనూ, ఇవతల తెలంగాణలోనూ ఇప్పటికీ పాత ఆధారంగా చెల్లుతుంది. మీ ఇంట్లో ట్రంకుపెట్టెలో దాని నకలు ఉండే ఉంటుంది. దాన్నీ, ఇప్పటి సాత్‌బారానూ పక్కపక్కన పెట్టి, మీ తాతగారి పొలం ఎవరెవరి చేతులు మారిందో అమ్మాయి చేత చదివించండి. అర్థం కాని మాటలు ఉంటే రాసి పంపమనండి, నేను చెబుతాను.