యుద్ధంలో పనిచేసిన మీ నాన్నగారి గురించి మీకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఏమిటి?

యుద్ధం అయిపోయాక ఆయన చేసిన పని. అడిగినవాళ్లు బహుశా యుద్ధం కథ కోసం అడిగి ఉంటారు, అదీ చెప్తాను.

నాన్న సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో సాపర్, అంటే దారులు వేయడం, మందుపాతరలు తీయడం లాంటి ఇంజనీరింగ్ పనులు చేసే సైనికుడు. 1962 చైనా యుద్ధం తర్వాత మిలిటరీలోకి మనుషుల్ని బాగా తీసుకున్నప్పుడు చేరారు, ట్రైనింగ్ బెంగళూరులో. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఆయన యూనిట్ పడమటి సరిహద్దు దగ్గర షకర్‌గఢ్ సెక్టార్‌లో ఉంది. అక్కడే జరిగిన బసంతర్ యుద్ధం అనగానే అందరూ ట్యాంకుల గురించి, పరమవీర చక్ర అందుకున్న అరుణ్ ఖేతర్‌పాల్ గురించి చెప్తారు, చెప్పాలి కూడా. కానీ ఆ ట్యాంకులు ముందుకు పోవాలంటే మందుపాతరల మధ్య ఎవరో ఒకరు దారి చేయాలి కదా, అది సాపర్ల పని. చీకట్లో, అవతలి నుంచి ఫైరింగ్ అవుతుండగానే. డిటెక్టర్‌కి అందని మందుపాతరలు ఉంటాయని, అప్పుడు బోర్లా పడుకుని ఇనప కడ్డీతో మట్టిని కొంచెం కొంచెంగా గుచ్చుకుంటూ పోవాలని, కడ్డీ ఏటవాలుగానే దిగాలని, నిటారుగా దిగితే పైభాగం మీద ఒత్తిడి పడి పేలుతుందని చేతులతో చేసి చూపించేవారు.

ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు 16న జరిగింది, పడమటి వైపు కాల్పులు ఆగింది మాత్రం మర్నాడు రాత్రి 8 గంటలకి. "మాకు అప్పుడేం అయిపోలేదురా" అనేవారు నాన్న. రెండు వైపులా పాతిపెట్టినవన్నీ తీయాలి, రైతులు మళ్లీ ఆ పొలాల్లో నాగలి పెట్టాలి. రెండు దేశాల మధ్య సిమ్లా ఒప్పందం జరిగి, సైన్యాలు వెనక్కి జరిగి, గెలిచిన భూమి తిరిగి ఇచ్చేసేసరికి 1972 డిసెంబరు వచ్చింది. ఆయన ప్రాణ స్నేహితుడు పోయింది ఆ తీసే పనిలోనే. "యుద్ధంలో పోయుంటే నలుగురూ చెప్పుకునేవాళ్లు" అని ఒకసారి అన్నారు, అంతకుమించి ఎప్పుడూ మాట్లాడలేదు.

హవల్దార్‌గా రిటైరై వచ్చి, కొన్నాళ్లు బ్యాంకులో గార్డుగా చేసి, తర్వాత నలభై ఏళ్ల దాకా బతికారు. మనిషి యుద్ధం చేసింది రెండు వారాలు, బతికింది ఎనభై నాలుగేళ్లు, కానీ జనవరి 26కి స్కూళ్లవాళ్లు పిలిచి అడిగేది ఆ రెండు వారాల గురించే. నాకు గుర్తున్న నాన్న ఎవరంటే, వరండాలో కూర్చుని చుట్టుపక్కల మాజీ సైనికుల కుటుంబాలకి పెన్షన్ కాగితాలు నింపి పెట్టిన మనిషి. ఎవరొచ్చినా ముందు డిశ్చార్జ్ బుక్, అంటే సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం, చూపించమనేవారు. భార్య పేరు, పుట్టిన తేదీ అందులో ఒకలా ఆధార్‌లో ఒకలా ఉంటే, మనిషి బతికుండగానే సైనికుల వివరాలు ఉంచే రికార్డ్ ఆఫీసుకి రాసి సరిచేయించమని వెంటపడేవారు, ఎందుకంటే ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరగాల్సింది ఆ ఇల్లాలే. స్నేహితుడి భార్య అప్పట్లో ఎంత తిరిగిందో ఆయన చూశారు, అందుకే ఈ పట్టుదల అని నా నమ్మకం. మా అమ్మకి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు, అన్నీ ముందే సరిచేసి పెట్టారు.

మీ ఇంట్లో అలాంటి పెద్దాయన ఉంటే ఎంతమందిని కాల్చావు అని అడగొద్దు, దానికి జవాబు రాదు. పక్కన ఎవరుండేవాళ్లు, ఏ ఊరు వాళ్లు, ఇంటికి ఉత్తరం ఎవరితో రాయించేవాళ్లు అని అడగండి, గంటలు మాట్లాడతారు. ఆ పేర్లు ఎక్కడైనా రాసిపెట్టుకోండి.