సిగరెట్‌కి విరుగుడు పండ్లలో ఉందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయన రోజుకి పది సిగరెట్లు కాలుస్తారు, ఎంత చెప్పినా మానరు. ఒంటికి జరిగే నష్టాన్ని అడ్డుకునే యాంటీఆక్సిడెంట్లు లోపల పడితే సిగరెట్ తాగినా ఏం కాదని ఎవరో చెప్పారట, వాటిలో ఒకటైన బీటా కెరోటిన్ మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నారు. నేనేమో విటమిన్ సి ఉంటుంది కదా అని రోజూ ఆపిల్ తొక్క తీసి కోసి పెడుతున్నా. ఏ పండు పెడితే మంచిది?

జవాబు: పండ్ల సంగతి తర్వాత అమ్మా, ముందు ఆ మాత్రలు ఆపించండి. ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే 29 వేల మందికి పైగా మగవాళ్ల మీద ట్రయల్ చేశారు, రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశపడ్డారు, తీరా 1994లో రిజల్ట్ చూస్తే మాత్ర వేసుకున్నవాళ్లలో 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చిన ఇంకో ట్రయల్‌నైతే 1996లో మధ్యలోనే ఆపేశారు, అక్కడా ఇదే కథ. మామిడి, బొప్పాయిల్లో ఉండేదీ బీటా కెరోటినే కదా అంటారేమో, పండు తింటే ఆ భయం లేదు, నిక్షేపంగా పెట్టండి. హాని కనబడింది మాత్రల్లో ఇచ్చిన పెద్ద డోసుతోనే.

ఇక ఆపిల్. విటమిన్ సి కోసమైతే అది పనికొచ్చే పండు కాదండి, 100 గ్రాముల్లో 5 మిల్లీగ్రాములు కూడా ఉండదు. నారింజలో 50 పైన, బొప్పాయిలో 60 దాకా, జామలో అయితే 200 దాటుతుంది! సిగరెట్ తాగేవాళ్లకి మామూలువాళ్ల కంటే రోజుకి 35 మిల్లీగ్రాములు ఎక్కువ కావాలి, ఒక్క జామకాయతో అదంతా వచ్చేస్తుంది. లోపల ఎర్రగా ఉండే రకం దొరికితే లైకోపీన్ అనే ఎర్రరంగు యాంటీఆక్సిడెంట్ కూడా ఉంటుంది, పుచ్చకాయకి ఆ ఎరుపు దానివల్లే.

అలాగని ఆపిల్ మానక్కర్లేదు, తొక్క మాత్రం తియ్యకండి. క్వెర్సెటిన్ అనే యాంటీఆక్సిడెంట్ దాదాపు అంతా ఆ తొక్కలోనే ఉంటుంది, మీరు రోజూ దాన్నే చెత్తబుట్టలో వేస్తున్నారు. కోసిన ముక్క కాసేపటికి రంగు మారుతుంది చూడండి, గాలి తగిలి అందులోని పాలీఫినాల్స్, అంటే క్వెర్సెటిన్ లాంటి పదార్థాలు, ఆక్సిడైజ్ అవడమే అది, కాబట్టి తినేముందే కొయ్యండి, ఇంకా ఆలస్యమైతే నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. జ్యూస్ చేసి వడకట్టొద్దు, పీచంతా పోతుంది.

ఇవన్నీ పెట్టినా సిగరెట్ పొగ చేసే నష్టాన్ని ఏ పండూ ఆపలేదమ్మా, ఆయనకి ఈ మాట నేను చెప్పానని చెప్పండి. మాటలతో మానలేకపోతే నికోటిన్ గమ్, ప్యాచ్ ఉన్నాయి, ఈ వారమే ఆయన్ని వెంటబెట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి అడగండి, ఆ మాత్రల డబ్బా కూడా తీసుకెళ్లి చూపించండి.